సార్జెంటమ్మ మొగుడు

పోస్టాఫీసులో పార్సిళ్ళ కౌంటరు. వరుసలో అట్టపెట్టె మోసుకుని నిలబడ్డ దర్జీ. అతని వెనకే, రమ్మనకపోయినా వచ్చిన అక్క. అద్దం అవతల గుమాస్తా.

"అదేరా నేననేది. పెళ్ళాం తుపాకీ పట్టుకుని పరాయి దేశంలో కాపలా కాస్తుంటే, మొగుడు ఇంట్లో కూచుని అట్టపెట్టెలకి టేపు అంటిస్తాడా? నలుగురూ వింటే నోటితో నవ్వరు."

"నెమ్మదిగా అక్కా. జనం ఉన్నారు."

"ఉండనీ. వీధిలో నిన్నేమంటున్నారో తెలుసా? సార్జెంటమ్మ మొగుడు! ఒకప్పుడు నాన్న పేరు చెప్పి పిలిచేవాళ్ళు మనల్ని."

"పిలవనీలే. అబద్ధమా ఏంటి?"

"ఛీ! కాస్తయినా రోషం ఉండక్కర్లేదూ? ఇంతకీ ఎప్పుడొస్తుందట ఆవిడగారు?"

"చూడాలి."

"ఏం చూడాలి? తనతో పోయినవాళ్ళంతా తిరిగొచ్చారు. టైర్ల కొట్టతని కొడుకొచ్చి అప్పుడే వీధంతా ఊరేగుతున్నాడు. ఈవిడొక్కతే అక్కడేం చేస్తోంది?"

"ఇంకొన్నాళ్ళు ఉండాలట."

"ఉండమన్నారా, ఉంటానందా?"

"వరుస కదిలింది, పద అక్కా."

"మాట తప్పించకు."

"తర్వాతెవరు? పెట్టె కాటా మీద పెట్టండి. ఎక్కడికి?"

"మిలటరీ క్యాంపుకండీ, విదేశానికి. అడ్రసు పైన రాశాను."

"అబ్బాయికా?"

"కాదండీ. మా ఆవిడకి."

"మీ... ఓహో. ఆవిడకా."

"చూశావురా? పాపం, ఆయన గొంతులో వెలక్కాయ పడింది."

"నాకేం పడలేదమ్మా. ఎవరు ఎవరికి పంపితే నాకేంటి? లోపలేమున్నాయండీ?"

"బట్టలండీ. ఇంకా... ఏవో చిన్నాచితకా."

"చిన్నాచితకా అంటే కుదరదు. సీసాలు, బ్యాటరీలు, లైటర్లు ఉంటే మిలటరీ వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. విప్పండి."

"ఇక్కడా?"

"మరి మా ఇంట్లోనా?"

"విప్పరా, సిగ్గెందుకు? పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె. పొయ్యి దగ్గర చచ్చేది నేను, పార్సిళ్ళు అందుకునేది మహారాణి. ఏం మేపుతున్నావో నేనూ చూస్తా."

"అక్కా, నువ్వు కాసేపు ఆ బెంచీ మీద కూచో."

"కూచోను. ఏదీ... చొక్కాలు. మళ్ళీ చొక్కా. ఇదీ చొక్కాయే. ఇదేంట్రా, గుండీలు కుడివైపున్నాయి?"

"మడత చెడగొట్టకు."

"మగాడి చొక్కాలు! దర్జీ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలీదనుకున్నావా? ఎవడికిరా ఇవి?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఎవడికని అడుగుతున్నా! అక్కడ ఎవణ్ణో తగులుకుంది. వాడికి నీ చేత చొక్కాలు కుట్టిస్తోంది. అంతేగా? నువ్వే కుట్టి, నువ్వే ఇస్త్రీ చేసి, నువ్వే మోసుకొచ్చి... ఇలాంటి దద్దమ్మని ఎక్కడైనా చూశారా బాబూ మీరు?"

"నన్ను కలపకండమ్మా. ఏవండీ, ఆ అడుగున ఇనుపదేంటి? కత్తెరా?"

"అవునండీ. మొనలకి గుడ్డ చుట్టాను."

"నాన్న కత్తెర! ఒరేయ్, నాన్న కత్తెర కూడానా! అంటే వాడూ దర్జీయేనా? దానికి ప్రపంచంలో దర్జీలు తప్ప ఇంకెవరూ దొరకరా?"

"ఆమెని అదీ ఇదీ అనకు."

"అంటా. బూట్ల కంపు తప్ప ఏం తెచ్చిందిరా అది మనింటికి?"

"పోయినసారీ అదే అన్నావు. పక్కింటావిడ ముందే అన్నావు. ఆమె బూట్లు తీసి గుమ్మం బయట పెట్టుకుంది. సెలవు సగంలోనే వెళ్ళిపోయింది."

"నేను పొమ్మన్నానా?"

"అనలేదు."

"మరి?"

"అనక్కర్లేకుండా చేశావు."

"ఓహో, నోరు కూడా లేస్తోందే! మంచిది నాయనా, పంపుకో. కత్తెర పంపు. రేపు కుట్టుమిషను కూడా పంపు, ఆ సచ్చినాడు కూచుని కుట్టుకుంటాడు."

"మిషను పోయిన నెలే పంపాను."

"ఏంటీ? రిపేరుకిచ్చానన్నావుగా?"

"అన్నాను."

"అన్నావా? ఇంత నంగనాచివా నువ్వు? మరి కొట్లో ఏం పెట్టుకుని కుడతావు, నీ గోళ్ళా?"

"సరే సరే, మీ వెనక జనం పెరుగుతున్నారు. ఇందులో ఆపేవేం లేవు, మూసెయ్యండి. ఒకవేళ పార్సిలు అక్కడ అందకపోతే తిరిగొస్తుంది. అప్పుడు తీసుకోడానికి ఇంట్లో ఉండేది మీరేనా?"

"వీడే. వీడు కాక ఇంకెవరు? ఆ వీధి దాటి ఎక్కడికి పోతాడు, ఈ చవట?"

"నేనుండనండీ. మా ఆవిడకి అక్కడ క్వార్టర్సు ఇచ్చారు, ఆదివారం వెళ్ళిపోతున్నా. అక్క పేరు రాసుకోండి... ఆ చొక్కాలు నావేనక్కా."