ఇంటాయన నోట రాని మాట

దేశం కాని దేశంలో కొనుక్కున్న సొంతింటి తలుపు ఇళ్ళ మాస్టారు తనే కొట్టుకుంటున్నాడు. వెనక మెట్ల మీద రెండు పెట్టెలూ, ఒక భార్యా. లోపల్నుంచి గడియ.

“ఇంటాయన్నమ్మా, తలుపు తియ్యి.”

“వంటాయనా? మేమెవర్నీ పిలవలేదండీ.”

“వంటాయన కాదమ్మా, ఇంటాయన. ఓనర్ని. ఈ ఇల్లు నాది.”

“ఇల్లు మీదైతే తాళంచెవి ఉండాలిగా?”

“ఉంది. పట్టట్లేదు. ఎవరో తాళం మార్చేశారు. ఏడాది తర్వాత ఇంటికొస్తే నా తాళానికి నేనే తాళలేకపోతున్నా.”

“నేనే మార్చానండీ. ఇంట్లో దిగిన రోజే తాళం మార్చమని మాస్టారి మొదటి పాఠం.”

“ఏ మాస్టారు?”

“ఇళ్ళ మాస్టారు. పరాయి దేశాల్లో ఇళ్ళు కొన్నవాళ్ళకి ఫోన్లో వీడియో క్లాసులు చెప్తారే, ఆయన.”

“ఆ మాస్టార్ని నేనేనమ్మా.”

“‘నేనే’ అన్నవాణ్ణే ముందు అనుమానించమన్నారు. అది రెండో పాఠం.”

“విన్నావటే? నా పాఠాలు నాకే అప్పజెప్తోంది.”

“వింటున్నా. కాస్త మెల్లిగా. హోటల్‌కి పోదాం పదండి, రేపు చూసుకోవచ్చు.”

“రేపా? ఇలా దూరినవాళ్ళని ఊరుకుంటే రేపు కరెంటు కనెక్షన్ వాళ్ళ పేరున ఉంటుంది, ఎల్లుండి కోర్టులో మనమే పరాయివాళ్ళమని తేలుతుంది. ఇల్లు పోతుందే. ఈ గుమ్మం కెమెరాకి కన్నుపోయినప్పుడే అనుకున్నా.”

“బ్యాటరీ అయిపోయిందేమో.”

“అప్పట్నుంచీ ‘ఏమో’ అంటూనే ఉన్నావు. ఇదిగో అమ్మాయ్, లోపల ఎంతమంది ఉన్నారు?”

“చెప్పకూడదండీ.”

“అదీ పాఠమేనా?”

“మూడోది.”

“పోనీ, తలుపు తెరవాలంటే నేనేం చెయ్యాలో అదైనా చెప్పు తల్లీ.”

“గుర్తుమాట చెప్పాలి. ఇంటివాళ్ళు ముందే అనుకున్న మాట. మగమనిషి వస్తే ఆయన నోటితోనే వినాలి. పక్కనున్న ఆడవాళ్ళు చెప్తే చెల్లదు, బెదిరించి చెప్పించొచ్చని మాస్టారే అన్నారు.”

“ఎంత తెలివైనవాడో ఆ మాస్టారు. నీతో నేనెప్పుడు అనుకున్నానమ్మా గుర్తుమాట? ఇంక లాభం లేదు. పోలీసుల్ని పిలుస్తా.”

“వద్దు.”

“నువ్వెందుకే వద్దంటావు?”

“వద్దంటే వద్దు. కాసేపాగండి.”

“అసలు నువ్వెవరి పక్క?”

“మీ పక్కనేగా నిలబడ్డా.”

“పక్కన నిలబడ్డం వేరు, పక్షాన నిలబడ్డం వేరు. సరే, పోలీసులు వద్దులే. మన క్లాసు గ్రూపువాళ్ళు చాలు. అందులో పెట్టేశా.”

“ఏం పెట్టారు?”

“ఫోటో. వాకిట్లో తీగ మీద బట్టలు ఆరేసుంటే తీశా. ఏనుగుబొమ్మున్న చిన్న చొక్కా, గేటు, గేటు మీద నంబరూ, అన్నీ పడ్డాయి. ‘నా ఇంట్లో దూరినవాళ్ళెవరో తెలిస్తే చెప్పండి’ అని రాశా.”

“ఎప్పుడు?”

“టాక్సీ దిగగానే. నువ్వు పెట్టెలు దింపుతున్నావు.”

“తీసెయ్యండి. ముందది తీసెయ్యండి.”

“ఎందుకు తీస్తా? అప్పుడే ఒకడు సాయం వస్తానన్నాడు కూడా. పూలచొక్కా లేడూ, ఎప్పుడూ ఆ చొక్కాతోనే క్లాసులో అందరికంటే ముందు కనిపించేవాడు. బుద్ధిమంతుడు.”

“పూలచొక్కానా? ఏమన్నాడు?”

“‘మాస్టారూ, ఆ ఏనుగు చొక్కా కాస్త దగ్గర్నుంచి తీసి పెట్టండి’ అన్నాడు. తీసి పెట్టా. ‘ఈ ఊళ్ళోనే ఉన్నా, బయల్దేరా’ అన్నాడు. చొక్కాతో వాడికేం పనో.”

“అమ్మగారూ... బయట ఉన్నది మీరేనా?”

“నేనేనమ్మా.”

“మా ఆయనకి ఈ చోటు తెలిసిపోయిందా?”

“అమ్మగారేంటి? ఆయనేంటి? ఈ అమ్మాయి నీకు తెలుసా?”

“తెలుసు. తాళంచెవి పంపింది నేనే, కెమెరా ఆపిందీ నేనే. ఆ అమ్మాయి మీ పూలచొక్కా భార్య. చెయ్యి మెలిపెట్టి, పిల్లాడితో సహా బయటికి గెంటాడు. అప్పట్నుంచీ ఎక్కడుందా అని ఊరంతా వెతుకుతున్నాడు.”

“నాకో మాట చెప్పొద్దూ?”

“ముందు మీకే ఫోన్ చేసింది. మొగుడూ పెళ్ళాల గొడవలు మన సిలబస్‌లో లేవని మీరు పెట్టేశారు. మళ్ళీ మోగితే నేనెత్తా.”

“అది కాదే, వాళ్ళకీ ఇక్కడ సొంతిల్లుందిగా. సగం ఆ అమ్మాయిది...”

“ఇదివరకు. ఇల్లు ఒక్క పేరు మీద ఉంటే అమ్మేటప్పుడు సంతకాల బాధ తప్పుతుందన్నారుగా మీరు? ఈమె చేత సంతకం పెట్టించి అంతా తన పేరుకి మార్పించుకున్నాడు. ఆఖరి పాఠం. బుద్ధిమంతుడు కదా.”

“ఆగు, ఫోన్ తియ్యనీ.”

“ఏం చేస్తున్నారు?”

“ఫోటో తీసేశా. వాడు చూసేశాడు, అయినా తీసేశా. ఉండు, గ్రూపుకి వాయిస్ మెసేజ్ పెడతా. ‘అందరికీ నమస్కారం. నా ఇంట్లో ఎవరూ దూరలేదు. ఉన్నది మా మేనకోడలు. ఆ చొక్కా దాని కొడుకుది. వాళ్ళని దిగమన్న సంగతి మరుపు మింగేసింది. ఎవరూ రానక్కర్లేదు.’ వెళ్ళిందా?”

“వెళ్ళింది. అంతా మరుపు మీదికి తోసేశారు.”

“పూలచొక్కా విన్నాడా?”

“విన్నట్టుంది. జవాబివ్వలేదు.”

“అయితే వస్తున్నాడు. నువ్వు పోలీసులకి ఫోన్ చెయ్యి. ఈసారి ఆ అమ్మాయి తరఫున. అమ్మాయ్, తలుపు తియ్యి, మేం కూడా లోపలుంటే నీకు ధైర్యం.”

“తియ్యనండీ. నా మొగుడికి కబురు పెట్టింది మీరే. అమ్మగారి గొంతైతే విన్నా, కానీ మాట మీ నోట వినాలి.”

“ఏమిటే ఆ మాట?”

“నేను చెప్తే చెల్లదుగా. మీ పాఠమే.”

“అది మాస్టారి నోట చచ్చినా రాదని అమ్మగారన్నారు. వస్తే ఆయన మనసు మారినట్టే, అప్పుడు తియ్యమన్నారు.”

“సరేనమ్మా, తియ్యకు. గడియ ఇంకా గట్టిగా పెట్టుకో. కిటికీల దగ్గరికి రాకు, పిల్లాడిని వెనక గదిలో ఉంచు. ఇది పాఠం కాదు, బతిమాలుతున్నా.”

“మరి మీరెక్కడికి పోతారండీ?”

“ఎక్కడికీ పోను. ఈ పెట్టె మీద కూర్చుంటున్నా. వాడు తలుపు ముట్టుకోవాలంటే ముందు నన్ను దాటాలి.”

“మాస్టారూ, ఆయనకి కోపమొస్తే మనిషి కాదండీ.”

“తెలీక వాడికి పనిగట్టుకుని నేర్పించా తల్లీ. నీ ఇల్లు నీకు లేకుండా చేసిన పాఠం నాది. ఇప్పుడు నీ అడ్రసు ఇచ్చిందీ నేనే. ఇందులో మరుపూ లేదు, మన్నూ లేదు. తప్పు నాదే.”

“...అదేనండీ ఆ మాట. గడియ తీస్తున్నా, ఇద్దరూ త్వరగా లోపలికి రండి.”