మంద దాటేదాక ఆగిన లారీలు

“అవ్వా, గీ పుస్తకంల పోలీసు యాక్షన్ అయిదు రోజులల్ల ఒడిసిందని రాసిండ్రు. గప్పుడు నువ్వు ఈ ఊర్లనే ఉన్నవు గద. ఏమన్న చూసినవా?”

అయిదు రోజులా? ఏమో బిడ్డా, పుస్తకం రాసినోళ్లకు ఎరుక. నేను చూసిన యుద్ధమైతే పొద్దు నడినెత్తి దాటినంక మొదలయ్యి పొద్దుగూకకముందే ఒడిసింది. నవ్వకే, నిజం చెప్తున్న. ఇంతకూ మన గొర్ల ముచ్చట రాసిండ్రా అండ్ల? రాయలేదా? ఇంత లావు పుస్తకం రాసి గదే ఇడిసిపెట్టిండ్రా! సరే, జర గా దిండు ఇటియ్యి, నడుము గుంజుతాంది. ఆఁ, ఇగ ఇను.

అప్పటికి మీ నాయిన మూడు నెలల పోరడు. కాదు కాదు, మూడు నిండి నాలుగోది పడ్డది. ఇంట్ల పెద్దోళ్లం ముగ్గురం, మీ తాత, నేను, మా అత్త. మాకున్నదంత గొర్రెలే. మూడు ఇరవైల మీద ఇంకో నాలుగు. గొర్లను మేం ఇరవై ఇరవైగ లెక్కవెడుతుంటిమి, ఇరవైకొక గులకరాయి. మీ తాతకు గంతకన్న ఎక్కువ లెక్క రాదు, నాకు గదీ రాదు.

మన ఊరు సడక్‌కు ఈ దిక్కు, మేపే గుట్ట ఆ దిక్కు. గా సడక్ ఉన్నది సూడు, బెజవాడ కెళ్లి నకిరేకల్ మీంచి పట్నం పోతది, గదే. గప్పుడు గిట్ల నల్లగ లేకుండె, కంకర తోవ. దినానికొక బస్సు పోతుండె, అది గూడ పోతే పోయినట్టు. గొర్లు పొద్దుగాల సడక్ దాటి గుట్టకు పోయేది, మాపటికి మళ్ల దాటి ఇంటికొచ్చేది. పాలు తాగే పిల్లల్ని గుట్టకు తోల్తరా? అవ్విటిని ఇంటికాడ దొడ్డిల మూసేది. మాపటికి తల్లులు అచ్చి పాలియ్యాలె.

ఇంకొకటి చెప్పాలె, లేకపోతే నీకు సమజ్ గాదు. మా గొల్లోళ్లకు గప్పుడొక రివాజు ఉండె. రివాజంటే మేం పెట్టుకున్నది గాదు, మా నెత్తిన పెట్టింది. తోవల టోపీ పెట్టుకున్నోడు కనవడ్డడనుకో, పోలీసు అమీను గానీ శిస్తు గిర్దావరు గానీ దొర గడీల జవాను గానీ, మందలకెళ్లి ఒక పొట్టేలును తీసి ముందట పెట్టాలె. అడగకముందే పెట్టాలె. అడిగిచ్చుకుంటే రెండు. పైసలా? పైసలెవలిస్తరే! పొట్టేలంటే గప్పుడు పది రూపాలు, నిజాం హాలి సిక్క. పది రూపాలంటే ఇంటిల్లిపాదికి కట్టు గుడ్డ అచ్చేది, మా అన్న పెండ్లికి మొత్తం... సర్లే, అది వేరే ముచ్చట, ఎటో పోతున్న.

గా దినం మీ తాతకు సద్ది పట్టుకొని గుట్టకు పోయిన. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఇంత పచ్చిపులుసు. పోరనికి పాలిచ్చి, పండవెట్టి, అత్తకు జెప్పి బయలెల్లిన. సద్ది ఇచ్చుడెంత, అచ్చుడెంత, పోరడు లేవకముందే ఇంట్ల ఉంట అనుకున్న. మీ తాత ఇంకో రెండు ముద్దలు తింటే రొట్టె ఒడుస్తుండె, గంతల సడక్ మీద మోటరు సప్పుడయ్యింది.

సప్పుడింటే మాకు గుండె జారేది గప్పుడు. రజాకార్ల లారీ అంటే ఊర్లకు ఊర్లు ఉరికిన దినాలు గవ్వి. ఇద్దరం సీతాఫలం చెట్ల సాటుకు గూసున్నం. మీ తాత అన్నడు, “ఒక్క లారీ. పోంగనే దాటుదం.” పోయింది. దాని ఎనుక ఇంకోటి. “గిది గూడ పోనీ” అన్నడు. ఇంకోటి. మేం అనుకున్నదేందంటే బిడ్డా, లోకంల లారీలెన్నుంటయ్? ఇంకో రెండు పోతే ఒడుస్తయ్. గట్లనుకొని గూసున్నం. గదే మా తప్పు. మొదటిదానికీ రెండోదానికీ నడుమ ఉరికితే అయిపోతుండె!

మీ తాత ఏం జేసిండు? గొర్లను లెక్కవెట్టినట్టు లారీలను లెక్కవెట్టుడు షురూ జేసిండు. ఇరవై పోతే ఒక గులకరాయి ఒడిల ఏసుకునుడు. ఒక రాయి అయ్యింది, రెండయినయ్, మూడయినయ్, నాలుగోది గూడ పడ్డది. “మన మందకన్న పెద్దదే” అన్నడు. మధ్యల ఇనుప ఎనుముల్లెక్క పెద్ద పెద్ద బండ్లొచ్చినయ్, తొండం ముందటికి సాపి. గవ్వి లెక్కల ఏసుకోవాల్నా అద్దా అని నన్నడిగిండు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే పానం లేదు. ఎందుకంటే నాకు పాలు చేపుకొచ్చినయ్.

నీకింకా తెల్వదు, పిల్లతల్లివైనంక తెలుస్తది. యాళ్ల దాటిందంటే ఆగదు. రవిక తడిసింది. రొమ్ములు రాళ్లయినయ్, పానం గుంజుతాంది. ఆడ పోరడు లేచి ఉంటడు, అత్త కాడ ఏముంటయ్, ఏలు నోట్ల పెడుతది, గంతే. ఏడ్చి ఏడ్చి గొంతు పోతదేమోనని నేనీడ ఏడుస్తున్న. మీ తాతకేం సమజైతది! “ఇంకొక్క రాయి అయినంక పోదం” అన్నడు. “నీ రాళ్లల్ల మన్ను వడ” అన్న. మొగుణ్ణి గట్లనుడు గదే ఫస్టు. తర్వాత శానసార్లన్న.

గప్పుడు అయ్యిందమ్మా అసలుది. దొడ్డిల గొర్రెపిల్లలు అరుసుడు మొదలువెట్టినయ్. లారీ సప్పుడులకెళ్లి గూడ ఇనవడ్డది, ఊరు గంత దగ్గర. గుట్ట దిక్కు తల్లులు తలకాయలెత్తినయ్. అవ్విటి పొదుగులు గూడ నా లెక్కనే నిండి ఉన్నయ్. ముందట నడిచే గొర్రె ఒకటుండె, ముసల్ది, ఎవ్వలి మాట ఇనదు. గది సీదా సడక్ మీదికి దిగింది. దాని ఎనుక ఇంకోటి, ఇంకోటి. ఇగ ఆపుడెవల తరం!

మా దాంట్ల పట్టింపొకటున్నది. మంద తోవ దాటంగ నడుమ తెంపొద్దు. తెగిన మంద బెదిరి చెరో దిక్కు ఉరుకుతది, తల్లులు ఇక్కడ, పిల్లలు అక్కడ అయితయ్. ఎంత పెద్దోడొచ్చినా మంద దాటేదాక ఆపాలె. మీ తాతకు లారీ యాదికి లేదు, మిలట్రీ యాదికి లేదు, పట్టింపొక్కటే యాదికున్నది. గొంగడి భుజానేసుకొని ఉరికిండు, సడక్ నడుమ నిలవడి కట్టె అడ్డం పెట్టిండు. “ఆగుండ్రి! మందను తెంపొద్దు!”

ముందటున్న జీపు గీసుకుంట ఆగింది. దాని ఎనుక లారీలకెళ్లి తుపాకులు లేచినయ్. ఎన్నో నాకు తెల్వదు, అన్ని మీ తాత మీదికే ఉన్నట్టు కనవడ్డయ్. ఆడ మొగుడు, అవుతల పిల్లగాడు. నడుమ నేనేం జేస్త సాటుకు గూసోని? నేనూ ఉరికిన.

జీపుల ఒక పడుసు సాబు ఉండె, టోపీ పెట్టుకొని, రజాకారు గాదు, యూనియన్ మిలట్రీ ఆయన. సర్కారోళ్ల నోట ఇని ఇని మాకు నాలుగు తురకం మాటలు ఎరుకనే. చెయ్యి ఊరి దిక్కు సాపి, “సాబ్, బచ్చా! ఉదర్ బచ్చా! దూద్!” అన్న. గంతకన్న తురకం నాకు రాదు. ఆయన నా దిక్కు సూసిండు, తడిసిన రవిక సూసి చటుక్కున మొఖం తిప్పుకున్నడు. మంచి తల్లి కన్న బిడ్డ. టోపీ తీసి నొసలు తుడుసుకున్నడు, చెయ్యి పైకెత్తి ఏందో ఒర్రిండు. ఇగ సూడు, ఒకదాని ఎనుక ఒకటి లారీలు ఆగుకుంట ఆగుకుంట పోయినయ్, కండ్లకు ఆననంత దూరం దాక. తుపాకులు దిగినయ్. ఎవడో పకపక నవ్విండు. గా నవ్వు ఇన్నంక నాకు పానమొచ్చింది.

గొర్లు దాటుతున్నయ్. అవ్విటికేం ఫికర్! ఒకటి గా ఇనుప బండి ముందట నిలవడి నిమ్మలంగ ఉచ్చ వోసింది. కుంటిదొకటుండె, ఎనుకవడ్డది. లారీలకెళ్లి తలపాగ కట్టుకున్న లావు మనిషొకడు దుంకి, గా కుంటిదాన్ని ముందటి కాళ్లు ఎనుకటి కాళ్లు కలిపి పట్టి మెడ మీద ఏసుకొని అవుతల దింపిండు. గట్ల ఏసుకునుడు గొర్లకాసినోనికే వస్తది బిడ్డా. దేశమేదో, భాషేదో నాకు తెల్వదు, మా పనోడే అని మాత్రం ఎరుకైంది. మీ తాత గూడ సూసి తలకాయ ఊపిండు.

ఇగ మీ తాత బుద్ధి ఇను. సడక్, టోపీ, సాబు ఆగిండు. ఇంకేముంది, పొట్టేలు పెట్టాలె! మందల మంచి పొట్టేలును కొమ్ములు వట్టి గుంజి జీపుల ఏసిండు. ఏ పొట్టేలు? మా అత్తది. తల్లి సస్తే దూదివత్తితోని మేకపాలు తాగిచ్చి సాకింది దాన్ని. ఆమె మాటిని ఇంట్లకొచ్చేది, గంత లాడు, గంత గారాబం. జీపుల పెద్ద కాయితం పరిచి ఉన్నది, దేశపటమట, గది నములుడు షురూ జేసింది. సాబు లేచి ఒర్రుతున్నడు, “క్యా హై యే!” అని. మీ తాతేమో ఒకటి సాలలేదనుకున్నడు. ఉరికి ఇంకోదాన్ని తెచ్చి ఏసిండు!

గప్పుడు జీపు నడిపెటోడు దిగిండు. బెజవాడ దిక్కు మనిషి. “ఏవండీ, మా అయ్యగారు వద్దంటున్నారండీ, తీసేసుకోండి” అన్నడు. మీ తాత ఎనుకకు తిరిగి సూసిండు, ఎవల్ని అంటున్నడో అని. అండి అంట! పుట్టిన కాడికెళ్లి టోపీ పెట్టుకున్నోళ్లు ఆయన్ను ఒరే అన్నరు, అరే అన్నరు, అండి ఎన్నడన్నరు?

“ఎందుకొద్దు? బక్కగున్నదా?” అన్నడు మీ తాత.

“పొట్టేలు బ్రహ్మాండంగా ఉందండీ. మీ సొత్తు మేం ముట్టకూడదంటున్నారు. మీది మీరే ఉంచుకోండి.”

సాబు తన చేతులతోనే కొమ్ములు వట్టి కిందికి దింపిండు, నోట్లకెళ్లి కాయితం ముక్క గుంజుకొని. నడిపెటోడు నవ్వుతాండు, నేను నవ్వుతున్న, మీ తాతకు నవ్వు రాలే. రెండు పొట్టేళ్లను చెరో చేత వట్టుకొని నిలవడ్డడు, ఏం జేయాల్నో తెల్వక. నేనాగలే. ఉరికిన.

మా అత్త వాకిట్ల ఎదురొచ్చింది, పోరడు చేతులల్ల ఒర్రి ఒర్రి ఎర్రగైండు. ఎట్ల గుంజుకున్ననో ఎట్ల గూసున్ననో యాదికి లేదు. నోరందంగనే పట్టిండు. పాలు ఎక్కువై కొరవోయింది వానికి, దగ్గిండు, మళ్ల పట్టిండు. దొడ్డిల గొర్రెపిల్లలు, ఈడ మీ నాయిన, ఇల్లంత గుటగుట సప్పుడే. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. గంత సుకం మళ్ల ఎన్నడు ఎరగ.

అందరికీ గట్ల జరిగిందనుకోకు. గా దినాలల్ల ఇండ్లు కాలినోళ్లున్నరు, మనుషులు పోయినోళ్లున్నరు. తర్వాత గదే మిలట్రీ సంఘపోళ్లను, గా కమ్యూనిస్టోళ్లను, ఎతుక్కుంట మళ్లొచ్చింది, గప్పుడు గింత మర్యాదగ రాలే. అది గూడ రాయాలె మరి పుస్తకంల. నేను సూసింది నేను చెప్తున్న.

మా అత్త సల్లగ అడిగింది, “టోపీలోళ్లు ఏం పట్టుకపోయిండ్రు?”

“ఏం పట్టుకపోలే అత్తా. నీ పొట్టేలునిస్తే వాపసిచ్చిండ్రు.”

నమ్మలే. దొడ్డిలకు పోయింది. దాన్ని పట్టుకొని ఈపు నిమిరింది, పండ్లు సూసింది, డెక్కలు లేపి సూసింది. “ఎందుకు వాపసిచ్చిండ్రు? దీనికేమన్న రోగమొచ్చిందా?” అన్నది. మీ తాత గొంగడి ఇప్పుకుంట అన్నడు, “రోగం లేదు అవ్వా. మనదంట. మనది మనల్నే ఉంచుకొమ్మన్నరు.”

ఇగ ఆమె ఆన్నే పెంటికల నడుమ కూలవడ్డది. పొట్టేలు మెడ కావలిచ్చుకొని ఏడిసింది. ఆమె కాపురానికొచ్చిన కాడికెళ్లి ఎన్నో పోయినయ్, తోలిచ్చుడే తప్ప తిరిగొచ్చుడు సూడలే. శానసేపటికి లేచి, కండ్లు తుడుసుకొని, నా ఒడిలున్న మీ నాయిన నెత్తి మీద చెయ్యి పెట్టింది. “నువ్వు టోపీ కనవడంగనే పొట్టేళ్లను గుంజుకుంట సడక్ మీద ఉరకవురా కొడుకా” అన్నది.

ఉరకలే బిడ్డా. మీ నాయిన ఒక్కనాడు ఉరకలే. నువ్వు గూడ... ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవ్? పిచ్చిదానా. ఇటు రా, నెత్తి ఇటు పెట్టు. నీది నీ కాడనే ఉండాలె, ఎవలిది వాళ్ల కాడనే ఉండాలె. సల్లగుండు బిడ్డా, సల్లగుండు.