సోమయ్య రాస్తే ఫోన్ సుత ఏడుస్తది

నేరేడ్‌మెట్ చాయ్ బండి దగ్గర సోమయ్య నోరు విప్పాడంటే గ్లాసుల్లో చాయ్ చల్లారాల్సిందే. ఆ పూట దయాకర్‌కు చాయ్ మీద ధ్యాసే లేదు. మొన్న భార్య వసుధ కుట్టిన జాకెట్టు చూసి గిరాకీల ముందే నవ్వాడు. ఆమె కుట్టుమిషన్‌తో సహా కాప్రాలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. అతని కాల్ ఎత్తదు. మెసేజ్ పెడితే మాత్రం, ఆమె చేతులు కుట్టుపనిలో ఉంటాయి గనక, ఫోనే పైకి చదివి వినిపిస్తుంది.

"కండ్లతోని చదివేటోళ్లకు ఎవడైనా రాస్తడు తమ్మీ. ఫోన్ నోటికి రాసుడు వేరే!" అన్నాడు సోమయ్య. "మా బామ్మర్ది అలిగి కూసున్నడా, మెసేజ్ కొట్టిన. ఊపిరి తీస్కునే కాడ ఒక చుక్క, గొంతు వణికే కాడ రెండు చుక్కలు. బండి మీద పోతూ విన్నడు. బోయిన్‌పల్లి మార్కెట్ల బండి ఆపి ఏడ్సిండు!"

"నిజమా అన్నా!"

"ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? చెవుల వైరు ఊడింది, ఫోన్ పెద్దగ చదువుడు షురూ జేసింది. హమాలీలు టమాట డబ్బాలు దించి నిలబడ్డరు. ఉల్లిగడ్డలోళ్లు, ఆళ్లకు ఏడుపు అలవాటే గదా, ఆళ్లు సుత తువ్వాలలు తీసిండ్రు. వేలంపాట బంద్! ఆఖరి లైనుకు ఫోన్ల ఉన్న ఆమెకే గొంతు పూడుకపోయింది. 'నాతోని కాదు, మిగిలింది మీరే చదువుకోండ్రి' అన్నది!"

దయాకర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇంతటి మనిషి పక్కన కూర్చునా ఇన్నాళ్లూ చాయ్ తాగింది! రెండు చేతులా ఫోన్ అందించాడు. "నాకొకటి రాయన్నా. వసుధ రావాలె."

సోమయ్య టకటకా కొట్టిచ్చాడు. పంపేముందు వినాలని దయాకర్ చదివి వినిపించే మీట నొక్కాడు.

"వసుధా. ఎర్ర గుండె. ఎర్ర గుండె. ఎర్ర గుండె. ఏడుస్తున్న మొహం. దండం పెడుతున్న చేతులు. దండం పెడుతున్న చేతులు. గులాబీ పువ్వు..." ఫోన్ చదువుతూనే ఉంది.

బెంచీ చివర బ్రహ్మచారి ఫక్కున నవ్వాడు. ఆయనకు చూపు లేదు; ఏ మెసేజ్ వచ్చినా ఫోనే చదివిపెట్టాలి. "సోమయ్య రోజూ పొద్దుగాల నాకు గిట్లనే గుడ్ మార్నింగ్ పెడ్తడు. దండాలు ఒడిసేసరికి నా టిఫిన్ అయిపోతది. బొమ్మలన్నీ తీసెయ్ దయాకర్. నీ మనసుల ఏమున్నదో గదొక్కటి రాయి."

దయాకర్ అన్నీ తుడిచేశాడు. "నవ్వినందుకు సిగ్గయితుంది వసుధా. నీ మిషన్ చప్పుడు లేక ఇల్లు ఇల్లులెక్క లేదు." పంపాడు.

కాసేపటికి వసుధ జవాబును ఫోన్ చదివింది: "నల్ల దారం రీళ్లు తీస్కొని రా. ఇంటిదాకా మిషన్ నువ్వే మోయాలె."

"చూసిండ్రా నా రాత!" సోమయ్య ఎగిరి లేచాడు.

"నీ రాత మొత్తం తుడిచినంకనే మెసేజ్ పోయింది గదా సోమయ్యా," అన్నాడు బ్రహ్మచారి. "కూసొని చాయ్ తాగు."