పడవలో ఇరవై నిమిషాలు

ఫెర్రీ రేవు వదిలింది. ఫియోర్డ్ అనే ఆ సన్నని సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ముసలివాళ్ల ఇళ్లకు తిరిగే నర్సు, పడవలో పనిచేసే పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని ఆపింది.

"బాబాయ్, ఆ వైఫై ఒక్కరోజు ఆపెయ్యవా? నీకు పుణ్యముంటుంది."

"ఉచితంగా వస్తుంటే చేదా?"

"ఉచితమట! అది రాకముందు ఈ ఇరవై నిమిషాలూ నావి. వాఫిల్ మీద చీజ్ ముక్క వేసుకుని తినేదాన్ని, కాసేపు కళ్లు మూసుకునేదాన్ని. ఇప్పుడేమో రోగుల రిపోర్టులన్నీ ఇక్కడే రాసెయ్యాలట. ఒడ్డు చేరేలోపు పంపకపోతే ఫోను మీద ఫోను."

"వైఫై రాలేదని చెప్పు."

"నిన్న చెప్పాను. మా పైఆవిడ టూరిల్ లేదూ, ఆ మహాతల్లి మీ కంపెనీకి ఫోన్ చేసి మరీ కనుక్కుంది."

"అయితే నిజంగానే పీకేస్తా. ఎవరడుగుతారో చూద్దాం."

అతను గోడమీది వైఫై పెట్టె వైపు చెయ్యి చాచాడు. నర్సుకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణంలోనే గతుక్కుమంది.

"ఆగు బాబాయ్! పీకితే అవన్నీ ఇంటికెళ్లి రాయమంటారు. పిల్లదానికి కథ చెప్పే ఆ కాస్త టైమూ పోతుంది."

"ఉంచితే ఒక ఏడుపు, పీకితే ఒక ఏడుపు. అసలు పడవలో వైఫై పెట్టాల్సిందేనని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించిందెవరమ్మా? మొదటి సంతకం ఎవరిది?"

"నాదే."

ఆమె కొని తినకుండానే చల్లారిన వాఫిల్‌ను పక్కకు జరిపి, ఫోనులో రిపోర్టు తెరిచింది.

"పాటలు వినొచ్చనుకున్నాను, బాబాయ్."