అఫ్రోజ్ చదివిన నవల

తెనాలిలో రేపల్లె పాసింజరు కదలగానే అఫ్రోజ్, చదవమని సుగుణ ఇచ్చిన నవలను తిరిగిచ్చింది. ఏడేళ్ల కిందట బాపట్ల హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. రాత్రుళ్లు స్నేహితులంతా తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు చెప్పినట్టు కథ నడిపే ఆట ఆడేవాళ్లు; ఆట నడిపేది సుగుణ.

"ఎలా ఉందే?"

"తెగ నవ్వించిందనుకో. అందులోవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, రాజులూ మాంత్రికులూ అయిపోవడం అచ్చం మన ఆటే. వాళ్ల ఆటలో, యుద్ధంలో ఒకమ్మాయి రాణి చచ్చిపోయాక మాత్రం ఇక చదవలేకపోయాను."

"నీ రాణి గుర్తొచ్చిందా?"

"నువ్వే చంపావుగా. అట్ట చాటున పాచిక వేసి, ఒకటి పడింది, చావక తప్పదన్నావు. వారం రోజులు నీతో మాట్లాడలేదు నేను."

సుగుణ నవలను సంచిలో పెట్టుకుంది.

"ఆరు పడిందే. నేనే అబద్ధమాడాను. చదువు మానేసి ఆటలో మునిగిపోయావని భయమేసింది."

అఫ్రోజ్‌కి కోపం రావాల్సింది. కానీ కళ్లు చెమర్చాయి, నవ్వొచ్చింది.

"అయితే నా రాణి బతికే ఉందన్నమాట."