‘ఊకెనే’ అన్న మాటను అడిగి తెలుసుకున్న అజీజా బేగం గారు

2014 నవంబరు 3వ తేదీన, హాలియాలో పాతికేళ్లు పురుళ్లు పోసిన అనుభవంతో శ్రీమతి అజీజా బేగం గారు మన మానసిక ఆరోగ్య విభాగంలో నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. ఈ విభాగంలో ఆమె ఆర్నెల్లు కూడా నిలవరని జోస్యం చెప్పినవాణ్ని నేనే. ఆ జోస్యానికి ఇక్కడ అందరి ఎదుటా లెంపలేసుకుంటున్నాను.

తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తులు దైనందిన జీవితాన్ని ఎంతవరకు నెట్టుకురాగలుగుతున్నారో కొలవడం మా విధుల్లో ముఖ్యమైనది. స్నానం, భోజనం, పలకరింపు, పని. బాగా చేసుకోగలిగితే నాలుగు మార్కులు, బొత్తిగా చేతకాకపోతే సున్నా. ఆ ఫారాన్ని కుర్చీలో కూర్చుని నింపడం మేడంగారికి ఏనాడూ నచ్చలేదు.

2019లో దేవరకొండ వైపు నుంచి గుర్వమ్మ అనే తల్లి, లేని గొంతులు వినిపించే జబ్బుతో బాధపడుతున్న నలభై ఏళ్ల కొడుకు బక్కయ్యను తీసుకొచ్చింది. మార్కులు తక్కువొస్తే ఇంటి గొర్రెలను అమ్మేసి, తమ్ముణ్ని ఆశ్రమంలో చేర్పించాలని అతని అన్న నిశ్చయించుకున్నాడు. ఏం పని చేస్తాడని నేను అడిగాను.

"ఏం జేస్తడు సారూ, ఊకెనే ఉంటడు" అన్నది తల్లి.

ఏ పనీ లేకుండా ఊరికే ఉంటాడనుకుని పని గడిలో సున్నా వేశాను. పక్కనున్న మేడంగారు నా చెయ్యి ఆపారు.

"ఊకెనే అంటే ఏం జేస్తడు అవ్వా?"

"పొద్దుగాల గొర్ల ఎంబడి పోతడు, పొద్దుమూకినంక మలుపుకొస్తడు. ఏ పిల్ల ఏ తల్లిదో మొకం జూసి చెప్తడు. గంతే, ఊకెనే."

మర్నాడు మేడంగారు ఆ ఊరికి వెళ్లి, మోకాళ్ల నొప్పులతోనే సాయంత్రం దాకా మంద వెంట నడిచారు. మా ముందు నోరు విప్పని బక్కయ్య, గుట్ట దగ్గర తనంతట తానే "అమ్మా, ఎండ కొడుతుంది, జర నీడకు కూసోండ్రి" అన్నాడట. పనికి నాలుగు, పలకరింపుకు నాలుగు వేసుకొచ్చారు. ఆ ఫారం చూశాక అన్న గొర్రెలనూ అమ్మలేదు, తమ్ముణ్నీ పంపలేదు. ఒక్క ప్రశ్నతో ఒక మనిషి బతుకు నిలబడటం కళ్లారా చూసిన నాకు ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు.

కరోనా రోజుల్లో కూడా ప్రతి రోగి ఇంటికీ ఫోన్ చేసి, మందులతో పాటు ఆ పూట ఏం వండుకున్నారో కూడా అడిగి రాసుకున్న ఘనత వారిదే.

మొన్న, పదవీ విరమణ చేశాక ఏం చేస్తారని మేడంగారిని అడిగాను.

"ఏం జేస్త ఎల్లస్వామీ, ఊకెనే ఉంట" అన్నారు.

ఈసారి నేను సున్నా వేయలేదు. వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు అలా ‘ఊకెనే’ ఉండాలనీ, ఊకెనే అంటే ఏం చేస్తున్నారో అడిగే భాగ్యం ఏటేటా మాకు దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాను.