నైరుతిలో బరువు

హలో… ఆ, నేనే! … నేనేనమ్మా వినీలా, మీ ఆటల పీడీ జాన్‌బాబునే. దయ్యాన్ని కాదు. రేకుల గదిలోంచి మాట్లాడుతుంటే గొంతు ఇలాగే వస్తుంది…

పారిపోవడమా? నేనా? … ఎవరన్నారు? … స్పోర్ట్స్ రూములో ఉన్నానమ్మా! మనోజ్ఞ కాలికి కట్టు కోసం వచ్చా కదా… ఆ, అప్పుడే. కట్టు కోసం వచ్చి కట్టుబడిపోయా. బయట తాళం వేశారు!

అరవకేం, అరిచా. మన అటెండర్ని జక్కయ్యా, జక్కయ్యా అని గొంతు పోయేలా పిలిచా. మీరంతా బయట ‘పట్టు, పట్టు’ అని కేకలేస్తుంటే నా కేక ఎవరికి పట్టింది?

వాడి దగ్గర లేదా తాళంచెవి? … మరెవరి దగ్గర? … కరస్పాండెంట్ గారి జేబులోనా! … అయితే నేను లోపలున్నానని ఆయనకి చెప్పు, తీసేస్తారు…

చెప్పావా? …

ఏమన్నారు? …

‘మ్యాచ్ అయ్యాక తీద్దాం’ అన్నారా.

… ఎందుకటా? … తలుపు కోర్టుకి ఎదురుగా తెరుచుకుంటే ఆట బలమంతా గదిలోకి పోతుందని సిద్ధాంతి గారు చెప్పారా. బాగుంది. బలం రాకూడదు గానీ పీడీ ఉండొచ్చు. వాస్తు కోసం నన్నొక వస్తువుని చేసి లోపల పడేశారన్నమాట.

లేదమ్మా, కిటికీ లేదు. ఉండేది. దక్షిణం కిటికీ దోషమని పోయినేడు ఇటుకలు పెట్టి మూయించారు కదా. వాటర్ ట్యాంకు కింద గది… పైన నీళ్లు, లోపల చెమట. నెట్లు, బంతులు, ఒక బల్లి. బల్లి కూడా బయటికి దారి వెతుక్కుంటోంది.

సరే, నా సంగతి వదిలెయ్. హాఫ్ టైమేనా? … స్కోరు చెప్పు…

వాళ్లకి పాతిక…

మనకి? … గట్టిగా చెప్పు, సిగ్గుపడితే పెరగదు… పదకొండు.

ఆల్ అవుట్ కూడా పడిందా? … ఆల్ అవుట్‌ని కబడ్డీలో లోనా అని ఎవరు పెట్టారో గానీ, అక్కడ మీరు లోనా, ఇక్కడ నేను లోన!

నవ్వావు. అమ్మయ్య. … నవ్వు కాదా? … ఏడుస్తున్నావా?

జలుబంటావా. ఈ ఎండలో విజయవాడలో జలుబు నీకొక్కదానికే వచ్చింది.

ఇదిగో చూడు, ఆట రాక కాదమ్మా నిన్ను కూర్చోబెట్టింది. ఈ జిల్లాలో నీలాంటి ఎడమ కార్నర్ ఇంకో పిల్ల లేదు. ఆ సంగతి కరస్పాండెంట్ సారుకీ తెలుసు. కానీ మనం ఉత్తరం కోర్టు తీసుకున్నాం. ఆ కోర్టులో ఎడమ కార్నర్ అంటే సరిగ్గా ఈశాన్యం మూల. ఈశాన్యంలో బరువు ఉండకూడదుట. నిన్ను దింపితే నీ కాళ్లు వాటంతటవే ఆ మూలకి పోతాయని బెంచీ మీద పెట్టారు…

అవును, నేను ఒప్పుకున్నా. ఒప్పుకోకపోతే? కాంట్రాక్టు పీడీని. నా ఉద్యోగమే ఒక మూల పడి ఉంది, ఇంక నీ మూల గురించి నేనేం గొడవపడతాను…

ఊఁ… ఊఁ… మిగతా ఏడుగురినీ మధ్యలో కొండపల్లి బొమ్మల కొలువులా నిలబెట్టారు. నాకు కనపడింది కదా. ఆ గుడివాడ పిల్ల మార్త కూతకొచ్చినప్పుడల్లా నేరుగా మన ఖాళీ మూలకి పోయి, బోనస్ గీత తొక్కి, చుట్టాలింటికి వచ్చినట్టు కుశలం అడిగి పోతోంది. వాళ్లకి బోనస్, నాకు బోను.

సెలక్టర్లు ఉన్నారా? … షామియానా కిందేనా? … మజ్జిగ తాగుతున్నారా. తాగనీ. వెళ్లలేదు కదా, అది చాలు. యూనివర్సిటీ జట్టుకి ఈ మ్యాచ్ చూసే రాసుకుంటారు. నీకిది ఆఖరి ఏడాది…

నాకు తెలుసు నీకు తెలుసని. మైలవరం నుంచి ఫస్టు బస్సుకి రోజూ వచ్చేది బెంచీ తుడవడానికి కాదని నాకూ తెలుసు…

ఏంటా గోల? … సారు రిఫరీతో గొడవా? … ఏమంటారు? … కోర్టు మారనంటున్నారా! ఉత్తరం వదలనంటున్నారా?

ప్రభువా. హాఫ్ టైము తర్వాత కోర్టు మారాలమ్మా, అది రూలు. రిఫరీ ఎదుటి జట్టుకి పాయింట్లు ఇచ్చేస్తాడు. సారు కాలేజీ గేటుని మూడుసార్లు దిక్కు మార్చారు గానీ ఆటకి మాత్రం దిక్కు మారనంటే…

ఉండు.

… ఏం లేదు. ఉండు, ఉండు. దిక్కు మారితే…

మాట్లాడకు ఒక్క క్షణం. ఇక్కడ సున్నం డబ్బా ఉంది. నేల మీద గీస్తున్నా… ఇది ఉత్తరం. మొదటి సగం మనం ఇక్కడ, దక్షిణం చూస్తూ నిలబడ్డాం. ఎడమ చెయ్యి తూర్పుకి. వెనక ఎడమ మూల ఈశాన్యం… కరెక్టే. ఇప్పుడు ఇటొస్తాం, దక్షిణం కోర్టులోకి. ఉత్తరం చూస్తాం. ఎడమ చెయ్యి… పడమర. వెనక ఎడమ మూల…

వినీలా!

నైరుతి! నీ మూల నైరుతి అవుతుందే తల్లీ!

అయితే ఏంటా? ఈ కాలేజీలో చేరిన పీడీకి కబడ్డీ మర్చిపోయినా వాస్తు వచ్చేస్తుంది. ట్యాంకు పీకి ఇటెందుకు పెట్టారు? ఆఫీసు బీరువా ఆ మూలకెందుకు జరిపారు? నైరుతిలో బరువు ఉండాలి! ఖాళీగా ఉంచకూడదు!

… నిన్ను లావన్నానా ఇప్పుడు? … లేదు తల్లీ, నువ్వు నాజూకే. కానీ ఈ కాసేపు బరువు. ఒప్పుకో. వెళ్లి సారుకి చెప్పు.

చెప్పలేవా? … మార్త లాంటిదాన్ని నడుం పట్టి పడేస్తావు, ఆయన ముందు నోరు పెగలదా. … సరే. ఫోను ఆయనకియ్యి. మర్యాదగా ఇవ్వు. రెండు చేతుల్తో.

…

నమస్కారమండీ… ఆ, జాన్‌బాబునేనండి… బాగానే ఉన్నానండి. … గాలా అండి? గాలి గురించి తర్వాత మాట్లాడుకుందామండి. ఒక్క మనవి…

లేదండీ, తాళం గురించి కాదండి. దిక్కుల గురించండి.

దక్షిణం కోర్టు యముడి దిక్కంటారు… నిజమేనండి. కానీ మొదటి సగం మన పిల్లలు నిలబడింది ఉత్తరంలో అయినా, చూసింది ఎటండీ? … అదేనండి. దక్షిణం కేసి చూశారు. ఇప్పుడు దక్షిణంలో నిలబడి ఉత్తరం చూస్తారండి. కుబేరుడి ముఖం. … తమరి ఆఫీసు ఏ మూలండీ? … నైరుతి. తమరి కుర్చీ ఎటు చూస్తుందండీ? … ఉత్తరం! యజమాని స్థానం కదండీ అది! మన పిల్లలు తమరి కుర్చీలో కూర్చున్నట్టే లెక్కండి.

అవునండి… అవునండి… నేను క్రిస్టియన్ని, నాకెలా తెలుసంటారా? తమరి దగ్గర పని చేస్తున్నానండి.

చిక్కల్లా ఒక్కటేనండి. ఆ కోర్టులో నైరుతి మూల ఖాళీగా ఉంటే దోషమండి. అక్కడ బరువు పడాలండి…

బస్తాలు పెట్టకూడదండి కోర్టులో. రిఫరీ ఒప్పుకోడండి.

మనిషినే పెట్టాలండి. వినీలనండి… ఆ, జయపాల్ కూతురేనండి, మైలవరం అమ్మాయి. … సన్నగా ఉందంటారా? ఆట బరువండి, ఆట! కూతకొచ్చినదాని కాలు పట్టుకుంటే కాంక్రీటులో దిగిపోయినట్టేనండి.

సిద్ధాంతి గారిని ఒక మాట అడుగుతారా? … అడగండి. … శంకుస్థాపనలో ఉన్నారా? ఎత్తట్లేదా? అమ్మయ్య…

అబ్బే, ‘అయ్యయ్యో’ అన్నానండి. ఇక్కడ రేకులు మోగుతున్నాయండి.

… పెట్టమంటారా? … చాలా మంచిదండి! … ఆ, కోర్టు మారుదామండి. సంతోషమండి. … ఆ, ఇంకొక్క చిన్న విషయం… తలుపు… … మ్యాచ్ అయ్యాకే. అలాగేనండి. ఫోను అమ్మాయికివ్వండి.

…

వినీలా! ఒప్పుకున్నారు! … ఏడవకు, టైము లేదు! షూ లేసు బిగించు. వింటున్నావా? పేరులోనే వినడం ఉంది, విను.

మనవాళ్లు చేస్తున్న తప్పేంటంటే, మార్త కూతకొస్తే పెళ్లిచూపులకి కూర్చున్నట్టు చూస్తున్నారు. ఆమె వచ్చి, చూసి, నచ్చినవాళ్లని తాకి పోతోంది. కూత ఆమెదే, కానీ అడుగు మనది కావాలి. ఆమె నడిచే జాగా తగ్గించాలి. మనోజ్ఞకి చెప్పు, మధ్యవాళ్లు చేతులు కలుపుకుని అడుగడుగూ ముందుకి జరగాలి. ఊపిరాడనివ్వకూడదు… ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడు నన్నడుగు, చెప్తా.

ఇంక నువ్వు. మార్తకి ఆ మూల ఖాళీ అని అలవాటైపోయింది. అప్పుడూ ఇప్పుడూ ఆమెకి అది కుడి పక్కే. అక్కడికే వస్తుంది. రానీ. కదలకు. ముందే దూకావో, చెయ్యి తగిలించుకుని పోతుంది…

ఆ, మొదటి ఏడాది నువ్వు చేసే పని అదే. ఇప్పుడు చెయ్యకు.

బోనస్ కోసం ముందు కాలు చాచి గీత దాటించి పెడుతుంది. వెనక కాలు గాల్లోకి లేపుతుంది. ఆ ఒంటికాలి మీద ఉన్న క్షణమే నీది. ముందు కాలి మడమ పట్టు. రెండు చేతులూ. పట్టాక లోకం తలకిందులైనా వదలకు. మనోజ్ఞ నడుం మీదకి వస్తుంది, మిగతావాళ్లు మధ్య గీతకి అడ్డం పడతారు. అంతే. డిఫెన్సంటే ఏడు జతల చేతులు, ఒక్క మడమ.

విజిల్… విజిలేశాడు. వెళ్లు! … ఫోను కట్ చెయ్యకు! బెంచీ మీద పెట్టు. నాకు వినిపించాలి.

వినీలా… ఏం లేదు. వెళ్లు తల్లీ.

…

పెట్టేసింది. బెంచీ మీద పెట్టేసింది.

… ఎవరో ఈలలేస్తున్నారు. మనవాళ్లేనా, వాళ్లవాళ్లా? ఈలకి ఊరు తెలీదు.

మన కూత… ఇది మనోజ్ఞ గొంతు. … వెళ్లింది… వచ్చింది. చప్పట్లు లేవు. ఖాళీ చేతుల్తో వచ్చిందన్నమాట.

ఇప్పుడు వాళ్ల కూత. మార్తే. ఆ గొంతు నాకు తెలుసు. కబడ్డీ కబడ్డీ… కుడికే పోయుంటుంది… పోనీ. కదలకు వినీలా. కదలకు. … దగ్గరికొస్తోంది… కాలు ఎత్తేదాకా ఆగు… ఆగు… ఇప్పుడు—

…

కూత ఆగింది.

కూత ఆగింది! ఆగిందంటే పట్టారా? విడిపించుకుందా? … విజిల్ ఏదీ? … అరుపులేంటవి, ఏడుపులా, నవ్వులా? … హలో! బెంచీ మీద ఎవరైనా ఉన్నారా? హలో! పట్టారా లేదా ఒక్క ముక్క చెప్పండయ్యా! … హలో!

… ఓ బల్లీ, నువ్వైనా చెప్పు.

మళ్లీ కూత. ఈసారి ఇంకెవరో. కొత్త గొంతు. మార్త రాలేదు… మార్త రాలేదంటే కోర్టులో లేదు. కోర్టులో లేదంటే… పట్టారు! పట్టారే తల్లీ! … అబ్బా! రేకు తగిలింది తలకి… పర్లేదు, పర్లేదు.

… కూత. ఆగింది. … మళ్లీ ఆగింది! విజిల్! … ఇది డప్పు. మన క్యాంటీన్ కుర్రాళ్ల డప్పే ఇది. ఓడిపోతే డప్పు కొట్టరు కదా…

గుక్క నీళ్లుంటే బాగుండు. నెత్తి మీద ట్యాంకు.

… ఎవరది? ఎవరో ఫోను తీశారు. హలో… ఆ, నేనే! … నేనేనండి. నమస్కారమండీ. లోపలే ఉన్నానండి, ఎక్కడికి పోతానండి.

… మార్తని మూడుసార్లు పట్టిందా! … వాళ్లకి లోనా పడిందా అండి! … సమానమా? … దాటేశామా!

ఇంకెంతసేపుందండీ? … ఊఁ. … సెలక్టర్లు? … లేచి నిలబడి చూస్తున్నారా? … పేరడిగారా! ఏమని చెప్పారండీ? … ‘మా నైరుతి’ అన్నారా.

కాదండీ, నవ్వట్లేదండి. కళ్లలో చెమట పడిందండి.

మరి సార్… తలుపు… ఊపిరి కొంచెం… … ఏంటండీ? … గదా? … ఈ గది గ్రౌండుకి నైరుతిలోనే ఉందండి. ట్యాంకు కిందే కదండీ. అయితే? …

…

నేనా అండి? నేను బరువా అండి? …

అంటే నేను లోపలికొచ్చాక ఆట తిరిగిందంటారు. … సిద్ధాంతి గారు ఇప్పుడు ఎత్తారా? ఆయన కూడా అదే అన్నారా. ‘కదపొద్దు’ అన్నారా.

అది వినీల పట్టండి. నేను గదిలో ఉంటే ఏంటి, గన్నవరంలో ఉంటే ఏంటండీ, పట్టింది ఆ అమ్మాయి—

… ఒక్క మాట అడగనా సార్. ఇప్పుడు తలుపు తీసి, నేను బయటికొచ్చి, తర్వాత కూతకి ఒక్క పట్టు తప్పిందనుకోండి… … ఊఁ. … అమ్మాయిని మార్చేస్తారా. దోషం మళ్లీ మొదలైందని.

…

జోనల్ మ్యాచ్‌లకి కూడా ఇక్కడేనా అండి? మన గ్రౌండులో ప్రతి మ్యాచ్‌కీ? … ఫ్యాను పెట్టిస్తారా. … తిరిగేది ఎటువైపో సిద్ధాంతి గారిని అడిగి. చాలా దయండి.

ఆ, ఉన్నానండి. ఆలోచిస్తున్నానండి.

… మళ్లీ మార్త వస్తోందా? లోపలికొచ్చిందా మళ్లీ? … వినీల ఎక్కడుందండీ? … మూలలోనే. కదలట్లేదా. … మంచిదండి.

సార్. మ్యాచ్ అయ్యేదాకా ఆ అమ్మాయిని కోర్టులోంచి తియ్యరు కదండీ? … మాట ఇచ్చినట్టేనా? …

అయితే తలుపు కూడా తియ్యకండి.

ఆ… నేనుంటానండి. ఫోను మాత్రం బెంచీ మీదే పెట్టండి సార్, కట్ చెయ్యకండి. అదిగో కూత మొదలైంది… వినీలా, కదలకు… సార్, పొరపాటున ఆ ఎర్ర బటను నొక్కకం—